రెండూ ఒకటే

“మొదటిది,” అన్నాను.

అనగానే నా వెనక బల్ల దగ్గర పేతురు పెన్ను కాగితం మీద నడిచిన చప్పుడు వినిపించింది. పొట్టిగా కిందికి దిగి, పొడుగ్గా పైకి లేచిన గీత. టిక్కు. తప్పయితే అడ్డంగా రెండు గీతలు పడాలి, ఆ చప్పుడు వేరు. అంటే నాలుగో జత కూడా ఒప్పే. పది జతలూ అయ్యేదాకా ఎవరూ ఏమీ చెప్పకూడదని నియమం, కాని పెన్ను నాకు చెప్పేస్తోంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, వాసుకి అసలే తట్టలేదు. నా కుడిపక్క సోఫా అంచున కూర్చుని, అరచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని, నా ముఖంలోకే చూస్తున్నాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో నా ముఖంలోకి ఇంతసేపు చూసింది ఈ ఆదివారమే. చూడనీ. చెమట మెడ వెనక నుంచి జారి జాకెట్టులోకి దిగుతోంది. ఏప్రిల్ నెల, పదకొండు దాటింది, వెస్ట్ మారేడ్‌పల్లిలో రెండో అంతస్తు, పైన డాబా కాలుతోంది. ఫ్యాను ఆపేశాడు, ఏసీ ఆపేశాడు, కిటికీకి దుప్పటంత మందం తెర, తలుపు కింది సందుకి తువ్వాలు, గోడల నిండా నల్లటి స్పాంజి పలకలు. హాల్లో ఫ్రిజ్ కూడా ఆపించాడు, దాని గురగుర ఇక్కడిదాకా వస్తుందట. లోపల పాలు విరిగిపోతాయి. విరగనీ. విరిగిన పాలతోనే వీళ్లకి టీ పెడతాను.

ఇదంతా ఒక పంతం. వాసు ఇంటర్నెట్టులో కొని దించుకునే పాటలు మామూలు పాటలు కావట. స్టూడియోలో పాడినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, ఊపిరి కూడా పోకుండా దాచిన పెద్ద పెద్ద ఫైళ్లట. వాటి పక్కన సీడీ అంటే ఎండబెట్టిన చేపట. ఆ ఫైళ్లన్నీ హాల్లో టీవీ కింద ఒక నల్లపెట్టెలో ఉంటాయి. అక్కణ్నుంచి నీలంరంగు తీగ గోడకి కొట్టిన కన్నంలోంచి ఈ గదిలోకి వస్తుంది, ఇక్కడ ఇంకో పెట్టె వాటిని విప్పి పాటగా మారుస్తుంది, ఆ పాట నా ఎత్తున నిలబడ్డ రెండు స్పీకర్లలోంచి బయటపడుతుంది. ఇదంతా వట్టిదంటాడు జావీద్. జావీద్‌కి రాణిగంజ్‌లో ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఉంది, ఈ గదిలో తీగలన్నీ లాగింది అతనే. పోయినవారం ఇక్కడే నిలబడి, “వాసు సాబ్, తీగలు నేనే గుంజిన, నేనే చెప్తున్న. సీడీకి, మీ పెద్ద ఫైలుకి మనిషి చెవుకు ఫరక్ తెల్వదు. ఫరక్ అంతా దిమాగ్‌ల ఉంటది,” అన్నాడు. వాసు నవ్వాడు. అతని నవ్వు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది, కాళ్లు తుడుచుకునే పట్టాలాగ. “మా కుమారి చెవుల సంగతి నీకు తెలీదు జావీద్ భాయ్. పది జతలు పెడదాం, ఒక్కో ముక్కా సీడీది ఒకసారి, పెద్ద ఫైలుది ఒకసారి. ఏది పెద్దదో చెప్పేస్తుంది. తనొక్కతే చాలు,” అన్నాడు. మా కుమారి. మా స్పీకర్లు, మా ఆంప్లిఫయరు, మా కుమారి. నన్ను అడగలేదు. వచ్చే ఆదివారం పదిన్నరకి తలస్నానం పెట్టుకోకు, జుట్టు తడిగా ఉంటే చెవులకి చల్లదనం పట్టేస్తుంది, అని మాత్రం చెప్పాడు.

“ఐదోది పెడుతున్న వదినా,” అన్నాడు పేతురు. మంచివాడు, బొల్లారంలో ఉంటాడు, రైల్వే సిగ్నల్స్‌లో ఉద్యోగం, పొద్దుటి ఆరాధన కాగానే ఆ ఇస్త్రీ చొక్కాతోనే స్కూటర్ మీద వచ్చేస్తాడు. నాణెం ఎగరేసి ఏది ముందో ఏది తరవాతో తేల్చేది అతనే. నాణెం అతని అరచేతిలో పడిన చప్పుడు, ల్యాప్‌టాప్ మీద వేలు, తరవాత పాట. ఏదో దేశపు ఆడమనిషి, ఏదో భాష, ఒక్క పియానో. నలభై సెకన్లు. ఆగింది. మళ్లీ అదే నలభై సెకన్లు. వాసు ఏ పాటనీ చివరిదాకా వినడు, ఆ సంగతి జావీద్‌కీ తెలీదు పేతురుకీ తెలీదు. ఆవిడ పెదవులు విడిన చప్పుడు విన్నావా, వేలు తీగ మీద జారింది విన్నావా, అక్కడ ఆపేసి వెనక్కి తిప్పి మళ్లీ పెదవులు. ఆవిడ పెదవులు విప్పి ఏం చెప్పిందో మూడేళ్లలో ఒక్కసారి అడగలేదు. ఒకరోజు నేనే అడిగాను, ఏమంటోంది ఈ అమ్మాయి అని. శ్, అన్నాడు. అరవడు. వాసు ఎవరిమీదా అరవడు, ఆఫీసులో మూడువందల మంది అతని కింద పనిచేస్తారు, మా సారు గొంతు ఎత్తగా వినలేదండీ అని వాళ్ల భార్యలు నాతో మురిసిపోతూ చెబుతారు. ఎందుకు ఎత్తాలి? శ్ అంటే చాలు కదా. ఆ శ్‌తో ఈ ఇంట్లో కుక్కర్ కూత ఆగిపోయింది, మిక్సీ ఆగిపోయింది, కాలింగ్ బెల్ తీగ ఊడింది. ఆ శ్‌తోనే ఈ గది నా చేతిలోంచి పోయింది.

ఇది నా గది. స్పాంజి పలకల కింద గోడ లేత పసుపు, ఆ రంగు నేనే ఎంచుకున్నాను. నాలుగేళ్లు సాయంత్రం ఐదింటికి తొమ్మిదిమంది పిల్లలు ఇక్కడ చాప మీద కూర్చుని సరళీస్వరాలు పాడేవాళ్లు. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న విద్య, పెళ్లయ్యాక పన్నెండేళ్లు అటకమీద పెట్టి, మళ్లీ దించుకున్నాను. పిల్లల్లో ముగ్గురికి శృతి అసలు పట్టేది కాదు, రేష్మా అని ఒక పిల్లకి మాత్రం పట్టిందంటే పాదరసం. మా అమ్మ తుంటి విరిగి మంచాన పడితే మూడు వారాలు గజపతినగరం వెళ్లాను. తిరిగొచ్చేసరికి చాప చుట్టి డాబా మెట్ల కింద పెట్టి ఉంది, గోడలు నల్లగా ఉన్నాయి, గది మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. పిల్లల తల్లులకి అతనే ఫోన్లు చేశాడట, మా ఆవిడకి ఒంట్లో బాగోలేదు, క్లాసులు ఉండవు అని, అంత మెత్తగానే. రేష్మా వాళ్లమ్మ నారింజపళ్లు తీసుకుని పరామర్శకి వచ్చింది. నాకు ఏ జబ్బో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ పళ్లు తిన్నాం. వాసు కూడా తిన్నాడు.

“రెండోది,” అన్నాను. పెన్ను పొట్టిగా దిగి పొడుగ్గా లేచింది.

తెలియకేం. రెండోదాంట్లో ఆ ఆడమనిషి గొంతు వెనక గది ఉంది, ఎత్తయిన చెక్కగది, అందులో ఎవరో కదిలారు. మొదటిదాంట్లో గది గోడలు దగ్గరకి జరిగాయి, అంతే. ఈ తేడా చెప్పడానికి సంగీతం అక్కరలేదు, మా అమ్మకి కూడా తెలిసిపోయేది. దేముడమ్మ వంట అంటే మా చుట్టుపక్కల పది ఊళ్లలో పెళ్లిళ్లకి పేరు, ఒక్క పాట వచ్చేది కాదు ఆవిడకి. ఆరేళ్లప్పుడు నన్ను మూకుడు ముందు కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. గారె కాలిందో లేదో చూడక్కర్నేదే, ఇను. తడున్నంతసేపూ అరుస్తాది. తడి పోయాక గొణుగుతాది. గొణిగినప్పుడు తియ్యాల. కళ్లు మూసుకుని విన్నాను. అరిచింది, అరిచింది, గొణిగింది. ఇప్పుడమ్మా, అన్నాను. అమ్మ గారె తీసి, తుంచి, నా నోట్లో పెట్టింది, నాలుక కాలింది. నాకు చెవులంటూ ఉంటే అక్కడ పుట్టాయి. ఆ చెవుల్ని తెచ్చి ఇతని పంతానికి కాపలా పెట్టాను. ఎందుకు ఒప్పుకున్నావే కుమారీ? ఒప్పుకోకపోతే శ్ అనడు, అలగడు, వారం రోజులు నవ్వుతూ మాట్లాడతాడు, ఆ నవ్వు భరించడం కంటే ఉక్కలో గంటసేపు కూర్చోవడం తేలికనిపించింది. పిరికితనం. అతని మీద ఉన్న కోపంలో సగం నామీదే ఉంది, ఆ సగం ఎక్కువ కాలుతోంది.

వాసు వేలు ఎత్తి, ఆగు అన్నట్టు సైగ చేసి, లేచి తెర ఇంకో అంగుళం లాగాడు. బయట ఎక్కడో కోయిల. దాన్ని కూడా ఆపేవాడే, అందితే. అతను తిరిగి కూర్చున్నాడు. నలభై ఆరేళ్లు, చెవుల మీద నెరుపు, ఆ చెవులకి ఈ తేడా తెలుస్తుందా అని నాకు చాలాకాలంగా అనుమానం. ప్రతి జత తరవాతా నావైపు ఎందుకు చూస్తున్నాడు? తనకి తెలిసి ఉంటే స్పీకర్ల వైపు చూసేవాడు. తెలీదు ఇతనికి. మూడేళ్లుగా పెట్టెలూ తీగలూ మార్చుకుంటూ, తెలిసినట్టు కళ్లు మూసుకుంటూ, ఇవాళ నా నోటితో తెలుసుకుందామని కూర్చున్నాడు. ఆ ఆలోచన రాగానే కడుపులో ఒక చల్లటి సంతోషం కదిలింది, పాము కదిలినట్టు.

ఆరోది. మొదటిది పెద్దదా, రెండోది పెద్దదా. ఒక తబలా, ఒక సితార. తబలా మీద అరచేతి మడమ రాసుకుంటున్న చప్పుడు. నిరుడు ఫిబ్రవరిలో కూడా తబలాయే. రెండో ఆదివారం. నేను డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను, కింద తబలా అదే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతోంది, చెవులు మూసుకోవాలంటే చేతుల నిండా పిండి. రెండింటికి దిగి వస్తే నా ఫోను తలుపు దగ్గర గుడ్డసంచిలో ఉంది. పాట వింటున్నంతసేపూ ఇంట్లో ఫోన్లన్నీ ఆపేసి ఆ సంచిలో వెయ్యాలని రూలు, ఫోను మోగబోయే ముందు స్పీకర్లు టకటకమంటాయి కాబట్టి. తీసి ఆన్ చేశాను. మెసేజిలు వరసగా పడ్డాయి, అన్నయ్య, అన్నయ్య, అన్నయ్య. పదకొండు ఇరవైకి మొదటిది. అన్నయ్యకి ఫోను చేశాను, వదిన ఎత్తింది. అమ్మ ఒంటిగంటా నలభైకి పోయింది. పొద్దున్న బాగానే కాఫీ తాగిందట, పదకొండింటికి ఆయాసం వచ్చిందట, డాక్టరు పెదవి విరిచాడట, కుమారి మాట ఒక్కసారి వినిపించండి అందట. అన్నయ్య ఫోను ఆవిడ చెవికి ఆనించాడట. స్విచ్ ఆఫ్ చేసి ఉంది అని చెప్పే ఆ ఆడగొంతు విన్నది మా అమ్మ. గారె గొణుగుడు విన్న చెవి. నా గొంతు కోసం పెట్టిన చెవి.

“మొదటిది,” అన్నాను. పెన్ను లేచింది. ఆరూ ఒప్పే.

అన్నయ్య వరహాలబాబు నాకంటే ఏడేళ్లు పెద్ద, ఆర్టీసీలో కండక్టరు, బస్సులో అరిచీ అరిచీ గొంతు బండబారిపోయింది. కాటి దగ్గరనుంచి వచ్చి, తడిగుడ్డలతోనే నా ముందు నిలబడ్డాడు. “మూడుసార్లు మోగింది. నాలుగోసారి మోగుతూ ఉంటే కట్టు చేసీసేవు. కట్టు చేసి ఆపీసేవు. అమ్మ చచ్చిపోతుంటే నీకు తీరిక నేకపోయింది,” అన్నాడు. నేను కట్ చెయ్యలేదు, డాబా మీద ఉన్నాను అన్నాను. అయితే ఎవరు చేశారన్నాడు. వాసు ముందుకొచ్చి, అన్నయ్య భుజం మీద చెయ్యేసి, “పొద్దున్నే నేనే ఆపి సంచిలో వేశాను బావగారూ, మోగే ప్రశ్నే లేదు, నెట్‌వర్క్ ఏదో తప్పు చూపించి ఉంటుంది,” అన్నాడు, అంత మెత్తగా. మోగింది అంటాడు అన్నయ్య. మోగలేదు అంటాడు వాసు. పద్నాలుగు నెలలు. అన్నయ్య నా నంబరు ఎత్తడం మానేశాడు, మాసికాలకి రావద్దన్నాడు, సంవత్సరీకం అయిపోయిందని ఊళ్లో ఇంకెవరో చెబితే తెలిసింది. నేను ఎవరిని నమ్మాను? సిగ్గుపడాలి చెప్పడానికి. ఇంట్లో ఉన్నవాణ్ని నమ్మాను, అన్నం పెట్టాలి కదా రోజూ. దుఃఖంలో అన్నయ్య పొరబడ్డాడనుకున్నాను. అదీ పూర్తిగా కాదు. స్నానం చేస్తున్నప్పుడు, కూర తరుగుతున్నప్పుడు, మూడుసార్లు మోగింది అన్న ఆ బండగొంతు చెవిలో పడేది. కూర మాడిపోయేది.

“ఏడోది,” అన్నాడు పేతురు, నాణెం ఎగరేశాడు, అప్పుడు స్పీకర్లు రెండూ ఒక్కసారి టక్ టకటక టక్ టకటక అని పళ్లు కొరికాయి. జావీద్ ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు. అతని రెండో ఫోను, షాపుది, సంచిలో వెయ్యడం మరిచాడు. తీసి చూసి, కట్ చేసి, “మాఫ్ కర్నా సాబ్,” అన్నాడు. వాసు కళ్లు మూసుకున్నాడు, పంటికింద రాయి పడ్డవాడిలాగ. గది ఒక్క క్షణం బిగుసుకుంది. బిగువు సడలించడానికి, పాపం, పేతురు నవ్వాడు.

“ఆ దినం సుత గిట్లనే అయింది కదన్నా. నువ్వు ఈ స్పీకర్లు కొత్తగ పెట్టిన దినం. వదిన ఫోను ఫ్రిజ్ మీద ఉండె, వదిన డాబా మీదుండె. ఒకటి కాదు రెండు కాదు, నాలుగుసార్లు కొట్టింది. నేనే పోయి చూస్తే అన్నయ్య అని ఉన్నది, వదినను పిలవాల్నా అంటే, ఆగు పేతురూ, తబలా అయిపోనీ అని, నా చేతులకెళ్లి గుంజుకొని బంద్ చేస్తివి.” ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “జావీద్ భాయ్, నీ నసీబ్ మంచిగుంది, నీ ఫోను గుంజుకోలే.”

ఈ స్పీకర్లు వచ్చింది నిరుడు ఫిబ్రవరి రెండో శనివారం. నలుగురు మోసుకొచ్చారు, మెట్ల గోడ గీసుకుపోయింది, ఇప్పటికీ ఉంది ఆ గీత. శనివారం వచ్చాయి, ఆదివారం పెట్టాడు. పేతురుకి ఏం తెలుసు? వదినవాళ్ల అమ్మ పోయిందని తరవాత ఎప్పుడో విన్నాడు, ఏ రోజో ఎవరు చెప్పారు అతనికి. నేను వాసు వైపు చూడలేదు, చూడక్కరలేదు, విన్నాను. సోఫా తోలు కిర్రుమంది. ఊపిరి ఒకటి సగంలో ఆగి, ముక్కులోంచి మెల్లగా, జాగ్రత్తగా, చప్పుడు కాకుండా బయటికొచ్చింది. తరవాత ఆ గొంతు, వెన్న రాసిన గొంతు: “ఏదో ఒక రోజులే. ఏడోది పెట్టు పేతురూ, టైం అవుతోంది.”

తబలా అయిపోనీ. నలభై సెకన్ల ముక్క. అయిపోవడానికి అందులో ఏముంది? చివరిదాకా ఏనాడూ వినని మనిషి ఆరోజు మాత్రం ఏం అయిపోవాలని ఆగాడు? అక్కడ అమ్మ చెవికి ఫోను ఆనించి ఉంది. ఇక్కడ ఇతని చేతిలో నా ఫోను వణుకుతోంది, దాని మీద అన్నయ్య అని రాసి ఉంది, పైన ఇరవై మెట్ల దూరంలో నేను ఉన్నాను. పిలిస్తే పిండి చేతులతో దిగి వచ్చేదాన్ని. అమ్మా అనేదాన్ని. ఒక్కమాట. ఇతను దాన్ని ఆపి సంచిలో వేసి, వచ్చి కూర్చుని, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. తరవాత కాటి నుంచి వచ్చిన అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యే. రాత్రి నా తల నిమిరిన చెయ్యే. గోడల మీద నల్లపలకలు ఒక్కొక్కటీ నోళ్లు మూసుకున్న మనుషుల్లాగ కనిపించాయి. లేచి ఒక్కొక్కటీ పీకెయ్యాలనిపించింది. లేవలేదు. ఏడో జత మోగింది. వేణువు. మొదటిదాంట్లో ఊదేవాడి గొంతుకలో తడి ఉంది, రెండోదాంట్లో లేదు. ఎంత తేడా. పగలూ రాత్రీ అంత తేడా.

“రెండూ ఒకటే,” అన్నాను.

పెన్ను ఆగింది. గీయడానికి ఏం గీయాలో దానికి తెలియలేదు. “ఏదో ఒకటి చెప్పాలె వదినా,” అన్నాడు పేతురు.

“తేడా లేదు. రెండూ ఒకటే.”

అడ్డంగా రెండు గీతలు. ఎనిమిదో జత వయొలిన్. ఒకటే అన్నాను. జావీద్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు, అతని ముఖంలో గెలుపు కనబడుతుందనుకున్నాను, లేదు. నన్ను పట్టి పట్టి చూస్తున్నాడు, షాపుకి వచ్చిన పెట్టెలో ఎక్కడ కాలిందో వాసన చూస్తున్నట్టు. తొమ్మిదో జత. ఒకటే. ప్రతి ఒకటేకీ వాసు మోకాలి మీద వేళ్లు బిగుసుకున్నాయి. అబద్ధమని అతనికి తెలుసు. తెలుసు గాని రుజువు చెయ్యలేడు, ఈ లోకంలో ఆ తేడా ఉన్నట్టు అతనికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం నా చెవులు. పంతొమ్మిదేళ్లలో నా చేతికి చిక్కిన మొదటి కత్తి ఇదే, దాన్ని మెల్లగా తోశాను. ఇంకా తోసేదాన్నే. సుఖంగా ఉంది. ఇంత సుఖం నాలో ఎక్కడ దాక్కుంది ఇన్నాళ్లూ?

“కుమారీ, జాగ్రత్తగా విను. తలనొప్పిగా ఉందా? నీళ్లు తాగుతావా?”

నీళ్లట. అతని వైపు తిరిగాను. “ఆ రోజు ఫోను మీద పేరు చూశావా నువ్వు?” అన్నాను. పెళ్లయినప్పటినుంచి మీరు తప్ప నోట రాలేదు. నువ్వు అన్న మాట గదిలో పడి అక్కడే ఉండిపోయింది, స్పాంజి పలకలు దాన్ని పీల్చుకోలేకపోయాయి.

“ఇప్పుడా అది? అతిథులున్నారు.”

“చూశావా?”

వాసు జావీద్ వైపు చూశాడు, పేతురు వైపు చూశాడు, సర్దుకున్నాడు. “చూశాను. అన్నయ్య అని ఉంది. మీ అన్నయ్య ప్రతి ఆదివారం చేసేవాడే కదా, ఊరి కబుర్లకి. ప్రాణాల మీదకి వచ్చిందని నాకేం తెలుసు?”

“మరి పొద్దున్నే ఆపేశానని ఎందుకు చెప్పావు?”

“నువ్వు బాధపడతావని.” ఆ మాట అతను నిజంగా నమ్ముతున్నాడు, గొంతులో ఎక్కడా వణుకు లేదు. వెతికాను. నా చెవులతో వెతికాను, ఒక్క జీర కూడా లేదు. “నిన్ను కాపాడటానికే అన్నాను కుమారీ. దాని గురించి తరవాత కూర్చుని మాట్లాడుకుందాం. ఒక్క జత మిగిలింది, అయిపోనీ.”

పేతురు లేచి నిలబడ్డాడు. అతని చేతిలోంచి నాణెం కింద పడి దొర్లింది. “వదినా, ఆ దినమేనా మీ అమ్మ…” అని ఆగిపోయాడు. “నాకు తెల్వదు వదినా. యేసయ్య తోడు, నాకు తెల్వదు.”

“నీ తప్పేం లేదు పేతురూ. నాకొక్క సాయం చెయ్యి. మా అన్నయ్య నా నంబరు ఎత్తడు. నీ ఫోన్లోంచి చెయ్యి. ఇప్పుడు చెప్పావే, ఆ మాటే, అదే వరసలో ఆయనకి చెప్పు.” నంబరు చెప్పాను. తలుపు కింద తువ్వాలు కాలితో తోసి తలుపు తీసి, సంచిలోంచి అతని ఫోను తెచ్చిచ్చాను. రెండుసార్లు తప్పు నొక్కాడు. కలిసింది, స్పీకర్లు రెండూ టకటకమని గోల పెట్టాయి.

వాసు లేచాడు. ఏమంటాడా అని చూశాను. క్షమించమంటాడేమో, వద్దంటాడేమో, ఫోను లాక్కుంటాడేమో.

“ఆంప్ ఆన్‌లో ఉంది. బయటికెళ్లి మాట్లాడండి,” అన్నాడు.

జావీద్ నోట ఉర్దూలో ఏదో మాట వచ్చింది, తిట్టో ప్రార్థనో. నేను పేతురు మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిచాను. కిటికీ తెరిచి ఉంది, ఎండ ఒక్కసారి ముఖం మీద కొట్టింది, కింద ఎవరో కొబ్బరిబొండాలవాణ్ని పిలుస్తున్నారు. అటు మా అన్నయ్య గొంతు, బస్సు గొంతు: “ఎవరండీ?” పేతురు చెప్పాడు. చక్కగా చెప్పలేదు, ఏడుస్తూ, తడబడుతూ, రెండుసార్లు వెనక్కి వెళ్లి చెప్పాడు. కాని అన్నీ చెప్పాడు, ఫ్రిజ్, డాబా, నాలుగుసార్లు, తబలా. “చెల్లె తప్పు లేదు సార్. నేను చూసిన. నేను ఆడనే ఉన్న.” తరవాత ఫోను నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఫోను చెవికి ఆనించుకున్నాను. ఊపిరి మాత్రం. అన్నయ్యకి చిన్నప్పటినుంచీ ఎడమ ముక్కు బిగిసి ఉంటుంది, ఆ ఈల. చవకరకం ఫోను, ఎండన పడ్డ టవరు, సగం మాటలు గరగరలో కొట్టుకుపోయే లైను. అందులోంచి వినిపించింది, మా అన్నయ్యే, ఇంకెవరూ కాదు.

“ఏటే,” అన్నాడు. “తిన్నావేటి?”

లేదన్నాను.

“నీకో మాట చెప్పనేదే. ఇన్నాళ్లూ కోపంతో చెప్పనేదు. అమ్మ చెవికాడ ఆ ఫోను ఆడదాని గొంతు ఇని, ఏటంటాదిరా అదీ, అనడిగింది. నాకు నోరు రానేదు. కుమారి రైలెక్కీసిందమ్మా, అందుకే ఫోను పన్చెయ్యట్లేదు, కాజీపేట దాటీసిందంట అని చెప్పీసేను. నీ మీద అంత కోపంలో కూడా, దానికి మటుకు అలాగే చెప్పేను.”

“ఏమంది?”

“అయ్యో, ఆదివారం కదా, జనం ఉంటారు కదరా, సీటు దొరికిందా దానికి, అంది. దొరికిందమ్మా, కిటికీ పక్కనే దొరికింది అన్నాను. ఊఁ అంది. మరింక మాటాడనేదు.”

వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. జావీద్ చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోవడం వినిపించింది. వాసు పిలిచాడు, కుమారీ అని, ఒకసారి, మెత్తగా. చేతిసంచిలో రెండు చీరలు పెట్టుకున్నాను. పేతురు తన స్కూటర్ మీద సికింద్రాబాద్ స్టేషన్‌లో దించాడు.

ఆదివారం కదా, జనం కిక్కిరిసి ఉన్నారు. నాకు సీటు దొరకలేదు. విజయనగరం దాకా తలుపు పక్కన నిలబడే వెళ్లాను.